చేపలు ఎక్కడి నుంచి వస్తాయి సార్?

అమీర్‌పేటలో ఒకప్పుడు జావా నేర్పిన గదిలో ఇప్పుడు పోకర్ అనే పేకాట నేర్పుతున్నారు. బోర్డు లేదు. కింద టిఫిన్ సెంటర్, మెట్లెక్కితే ఉజ్వల భవిష్యత్తు. మా వీధి కుర్రాడు బతిమాలుకుంటే ఉచిత డెమో క్లాసుకు నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆ రోజు సార్ జాతి ముందుంచిన ప్రశ్న ఇది: "ఆన్‌లైన్ పోకర్ల ఈజీ మనీ ఇంకెన్నేండ్లుంటది?"

జవాబు కూడా ఆయనే ఇచ్చారు. ఎప్పటికీ ఉంటదట. ఎందుకంటే లోకంలో ఫిష్‌లకు కొదవ లేదట.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, ఆట రాకపోయినా డబ్బుతో వచ్చి కూర్చునేవాణ్ని పోకర్‌వాళ్లు ఫిష్ అంటారు. ఆ మాట అన్నప్పుడల్లా సార్ ముఖంలో, మృగశిర కార్తె నాడు సంచీ పట్టుకుని రాంనగర్ మార్కెట్‌కు బయల్దేరినవాడి కళ కనబడింది.

మొదటి స్లైడ్ క్రిస్ మనీమేకర్. అమెరికాలోని టెనెసీకి చెందిన అకౌంటెంటు. 2003లో ఆన్‌లైన్‌లో వంద డాలర్లలోపు పెట్టి సీటు గెలిచి, లాస్ వెగాస్ వెళ్లి ప్రపంచ పోకర్ పోటీలో 25 లక్షల డాలర్లు కొట్టాడు. "అది ఆయన అసలు ఇంటిపేరే" అన్నారు సార్. అందరూ రాసుకున్నారు. ఇది జరిగి ఇరవై ఏళ్లు దాటిందని మాత్రం ఎవరూ రాసుకోలేదు.

రెండో స్లైడ్ సుప్రీంకోర్టు. 1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేస్తే ఆ కేసు ఢిల్లీ దాకా వెళ్లింది. రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని 1967లో తీర్పు వచ్చింది. మన ఊరి కేసు కదా, గదంతా గర్వంతో నిండిపోయింది. ఆ తీర్పు రమ్మీ గురించి గానీ పోకర్ గురించి కాదన్న సంగతికి స్లైడ్‌లో చోటు చాల్లేదు. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడితే నైపుణ్యం ఉన్న ఆటైనా జూదమేనని తేల్చేసిందన్న సంగతికి అసలు స్లైడే లేదు. ముందు వరుసలోంచి ఎవరో గుర్తుచేశారు. "మనం ఆడిస్తలేం తమ్మీ, నేర్పిస్తున్నం" అన్నారు సార్.

అప్పుడొక పిల్లాడు చెయ్యెత్తాడు.

"సార్, ఫిష్ ఓడిపోయినంక మళ్లా ఎందుకొస్తడు?"

"అది వాని సైకాలజీ."

"పైసలన్నీ అయిపోతే?"

"ఇంకొకడొస్తడు."

"వాడు యాడికెళ్లి వస్తడు సార్?"

సార్ గదినంతా ఒకసారి ప్రేమగా కలయజూశారు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. "వస్తరులే" అన్నారు.

ఆ తర్వాత క్లాసులో ఏం చెప్పారో నాకు ఎక్కలేదు. ఎక్కాల పుస్తకం చదివినవాడికైనా తెలిసే లెక్క ఇది. టేబుల్ మీద డబ్బు పుట్టదు, చేతులు మారుతుంది. మారే ప్రతిసారీ సైటువాడు రేక్ పేరుతో తన వాటా తీసుకుంటాడు. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్, అదే ఏడాది అక్టోబరు నుంచి వేసిన డిపాజిట్ మీదే 28 శాతం జీఎస్టీ పడేది. ఇవన్నీ పోగా మిగిలింది గెలవాలంటే పక్కవాడు మన కంటే కొంచెం తక్కువవాడైతే సరిపోదు, బాగా తక్కువవాడై ఉండాలి. అలాంటివాడు రెండు మూడు నెలల్లో జేబు ఖాళీ చేసుకుని లేచిపోతాడు. ఇక టేబుల్ చుట్టూ మిగిలేది ఒకరినొకరు గుడ్లురిమి చూసుకునే మేధావులు.

అందులో మనుషులెందరో కూడా అనుమానమే. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో లిబ్రేటస్ అనే ప్రోగ్రామ్ నలుగురు ప్రొఫెషనల్స్‌తో 1,20,000 ఆటలు ఆడి అందరినీ ఓడించింది. 2019లో ప్లూరిబస్ వచ్చి ఆరుగురు కూర్చునే టేబుల్ మీదా అదే పని చేసింది. ఇప్పుడు ఏ ముక్కలకు ఎంత పందెం కాయాలో లెక్కగట్టే సాల్వర్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా కొనుక్కోవచ్చు. పగలంతా హైటెక్ సిటీలో బగ్గులు సరిచేసిన కుర్రాడు రాత్రి ఇంటికొచ్చి వీటితో పోటీపడి పైఆదాయం సంపాదిస్తాడట, అదీ నిద్రమత్తులో!

కాబట్టి సార్‌కు నాదొక సూచన. మన రాష్ట్రంలో చెరువుల్లోకి ఉచితంగా చేపపిల్లల్ని వదిలే పథకం ఉంది. మత్స్యశాఖకు అర్జీ పెట్టుకోండి. ఏటా వానాకాలం మొదట్లో ఒక మంత్రిగారు వచ్చి, కొబ్బరికాయ కొట్టి, జీతం కొత్తగా అందుకున్న ఇరవై మూడేళ్ల కుర్రాళ్లను బిందెలతో పోకర్ యాప్‌లోకి వదులుతారు. ఫొటోలు దిగుతారు. మీ ఈజీ మనీకి ఇక ఢోకా ఉండదు.

ఎందుకంటే మీ ఫిష్‌లు వాళ్లేగా? హాస్టల్ గదిలో రగ్గు కప్పుకుని తెల్లవారుజాము దాకా ఫోను చూసేవాడు. మొదట జీతం, తర్వాత క్రెడిట్ కార్డు, తర్వాత లోన్ యాప్. వసూలు చేసేవాడు ఫోన్‌లోని నంబర్లన్నిటికీ, వాళ్లమ్మతో సహా, బూతులు పంపే దాకా ఊళ్లో నాన్నకు తెలియదు. తెలిశాక ఆయన ఎకరం అమ్ముతాడు. కొందరి ఇళ్లలో ఆ ఎకరం అమ్మే అవసరం కూడా మిగల్లేదు, పిల్లాడే మిగల్లేదు. వాణ్ని మీరు ఫిష్ అంటారా? ఆ డబ్బు ఈజీ అంటారా? ఎవరికయ్యా ఈజీ? సిగ్గుండాలి, ఆ మాట స్లైడ్ మీద రాసి పెద్ద అక్షరాల్లో చూపించడానికి!

సరే. 2025 ఆగస్టులో కేంద్రమే చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా, డబ్బు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ దేశమంతటా నిషేధం. ఇక్కడి పెద్ద యాప్‌లు డబ్బాటలు మూసేశాయి. సార్ మాత్రం అధైర్యపడలేదని, విదేశీ సైట్ల మీద "అడ్వాన్స్‌డ్ మాడ్యూల్" పెట్టారని మా కుర్రాడు చెప్పాడు. అక్కడ పోటీ తక్కువట. నిజమే కావచ్చు. గెలిచిన డబ్బు ఆ సైటువాడు పంపకపోతే మాదాపూర్ పోలీస్ స్టేషన్‌కు వెళ్లి, నిషేధం ఉన్న రాష్ట్రంలో కూర్చుని ఆడి గెలిచానని, ఏదో ద్వీపంలో ఉన్నవాడు బాకీ ఎగ్గొట్టాడని కాగితం మీద రాసివ్వండి. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు విడివిడిగా, అక్షరాలు కలవకుండా రాయండి. ఎస్సైగారు మిమ్మల్ని వెతుక్కోవాల్సిన పని తప్పుతుంది.