వెరీ వెరీ స్పెషల్ బస్సు

ఆంధ్రప్రదేశ్ అవతరణ దినమూ, క్రికెటర్ వి.వి.ఎస్. లక్ష్మణ్ పుట్టినరోజూ ఒకటే: నవంబరు 1. మొదటిది ఏ రోజున జరపాలో రాష్ట్రం చీలాక మనం కొన్నేళ్ళు తేల్చుకోలేకపోయాం గానీ, రెండోదానికి ఆ బెంగ లేదు. తెల్లారేసరికి ఫోన్ల నిండా ఒకటే మాట: వి.వి.ఎస్. అంటే ‘వెరీ వెరీ స్పెషల్’. వంగిపురపు వెంకట సాయి అని ఇంట్లోవాళ్ళు ముచ్చటపడి పెట్టుకున్న పేరుకి పట్టిన గతి ఇది.

ఈ బిరుదు ఇచ్చిన మహానుభావుడెవరో గానీ ఆయనకి మన ఆర్టీసీ బాగా తెలిసుండాలి. మనకి స్పెషల్ అంటే ఏమిటి? సంక్రాంతికి వేసే బస్సు. ఉన్న బస్సులన్నీ కిక్కిరిసి, కిటికీల్లోంచి తువ్వాళ్ళు పడి, ఇక ఊరు చేరేది లేదని పిల్లలు ఏడుపందుకున్నాక డిపోలో మూలనున్న బండిని బయటికి తీస్తారు. అది పాపం అందర్నీ ఎక్కించుకుని ఇళ్ళకి చేరుస్తుంది. పండగ అవగానే మళ్ళీ మూలకే. టైమ్‌టేబుల్లో దాని పేరుండదు.

2001 మార్చి, కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్. వరసగా 16 టెస్టులు గెలిచొచ్చిన ఆస్ట్రేలియా. మనం 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్, అంటే వెంటనే మళ్ళీ బ్యాటింగే. తీశారు మన లక్ష్మణ్ బండి. ఒక్కడే 281! నాలుగో రోజంతా ద్రావిడ్‌తో కలిసి ఒక్క వికెట్టు పోనివ్వలేదు. లెగ్‌స్టంప్ అవతల గరుకులో వాళ్ళ స్పిన్నర్ వార్న్ వేసిన బంతిని ఒకసారి మిడ్‌వికెట్‌కీ, అలాంటిదాన్నే ఇంకోసారి దానికి ఎదురు వైపున్న కవర్స్‌కీ పంపుతుంటే, పాపం ఆయన ఫీల్డర్లని ఎక్కడ పెట్టుకోవాలి?

ఇక 2003 ప్రపంచకప్పు జట్టు. ఆ సెలక్షన్ గదిలో ఏం జరిగిందో నేను చూళ్ళేదు కాబట్టి నిశ్చింతగా ఊహించుకుంటాను.

“బౌలింగ్ వేస్తాడా?”

“వెయ్యడండీ.”

“పరిగెడతాడా?”

“అవసరమైతేనండీ. ఎక్కువ బౌండరీలే కొడతాడు.”

“అదే నేననేది. క్రమశిక్షణ లేదు. నవంబరులో నాగపూర్‌లో ఎంత కొట్టాడు?”

“వెస్టిండీస్ మీద 99.”

“చూశారా, ఒకటి తక్కువ!”

“మణికట్టు మాత్రం అద్భుతమండీ.”

“మణికట్టుతో ఓవర్లు వేయించగలమా? ఏదీ, ఆ బిస్కెట్లు ఇటు జరపండి.”

బిస్కెట్లు జరిగాయి. లక్ష్మణ్ బదులు దినేశ్ మోంగియా, కప్పు జరిగే దక్షిణాఫ్రికా వెళ్ళాడు. మనవాడు జట్టు బయటే మిగిలాడు.

జట్టులోకి తిరిగొచ్చి ఏం చేశాడు? 2004 జనవరిలో ఆస్ట్రేలియా గడ్డ మీద మూడు వన్డే సెంచరీలు. మార్చిలో లాహోర్‌లో, సిరీస్ తేల్చే మ్యాచ్‌లో 107. మొత్తం 86 వన్డేలు, ఆరు సెంచరీలు, అందులో నాలుగు ఆస్ట్రేలియా మీదే. ప్రపంచకప్పు మ్యాచ్‌లు? సున్నా. ఒక్కటంటే ఒక్కటి లేదు! ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదండీ, ఒళ్ళు మండుతోంది. అలాంటి బ్యాటు చేతిలో పెట్టుకుని ఇంట్లో కూర్చోబెట్టినవాళ్ళకి సిగ్గనిపించలేదా? పైగా ఇప్పుడు ‘స్పెషల్’ట! ఆ ఇంగ్లీషు ముక్క తీసుకెళ్ళి ఏ గంగలో కలుపుతారో కలపండి.

“అబ్బే, ఆయన ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, పెద్దమనిషి” అంటారు. అనలేదా? 2010లో ఆస్ట్రేలియాతో మొహాలీ టెస్టు చూడండి. గెలవడానికి 216 కావాలి, 124కే ఎనిమిది పోయాయి. నడుం పట్టేసి, తన బదులు పరిగెత్తడానికి రైనా రన్నరుగా ఉంటే, ఇషాంత్ శర్మని పక్కన పెట్టుకుని 81 పరుగులు లాక్కొచ్చాడు. ఇషాంత్ పోయాక ఆఖరి బ్యాట్స్‌మన్ ఓఝా వచ్చాడు. పరుగు దగ్గర ఓఝా తటపటాయించగానే మన పెద్దమనిషి బ్యాటు పైకెత్తి, మెడ నరాలు ఉబ్బేలా గాండ్రించాడు. ఒక్క వికెట్టు మిగిలుండగా గెలిచాం.

నవంబరు 1న ఆ ఫొటో ఎవ్వరూ పెట్టరు.