యంత్రాలు చాలు, మనుషుల్ని చూపించండి

వర్చువల్ ల్యాబ్ టూర్ల పేరుతో (అంటే పిల్లల్ని బడిలోనే కూర్చోబెట్టి స్క్రీన్ మీద ల్యాబ్ చూపించడం) చూపిస్తున్న వాటిలో చాలావరకు ప్రచార వీడియోలే. ఘాటుగా ఉన్నా ఈ మాట అనక తప్పడం లేదు. పైనుంచి డ్రోన్‌తో తీసిన భవనం, వెనకాల మ్యూజిక్, తళతళలాడే యంత్రాలు, చివర్లో ఒక పెద్దాయన వచ్చి "మీరూ సైంటిస్టులు కావచ్చు" అనడం. అంతే, స్క్రీన్ ఆపేస్తారు. ఆ యంత్రం దగ్గర రోజంతా ఉండేది ఎవరు, పొద్దున రాగానే ఏం చేస్తారు, ఏం చదివితే ఆ ఉద్యోగం వస్తుంది? పిల్లవాడికి ఒక్క ముక్క కూడా తెలియదు.

వర్చువల్ ట్రిప్పులే వద్దని నేను అనను. కొన్ని చోట్లకు వేరే దారే లేదు. ప్రాణాంతక వైరస్‌లపై పనిచేసే, అత్యధిక భద్రత ఉండే బీఎస్ఎల్-4 ల్యాబ్‌లోకి బడి పిల్లల్ని రానివ్వరు, రానివ్వకూడదు కూడా. ఐఎస్ఓ క్లాస్ 5 క్లీన్‌రూమ్‌లో, అంటే గాలిలో దుమ్ము దాదాపు లేకుండా ఉంచే గదిలో, ఒక ఘనపు మీటరు గాలిలో అర మైక్రోమీటరు, అంతకన్నా పెద్ద రేణువులు 3,520కి మించకూడదు. అందులోకి ఒక తరగతి మొత్తాన్ని ఎలా పంపిస్తాం? యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో కణాలను ఢీకొట్టించే యంత్రం ఎల్‌హెచ్‌సీ 27 కిలోమీటర్ల వలయం, భూమికి దాదాపు 100 మీటర్ల లోతున ఉంటుంది. అది నడుస్తున్నప్పుడు ఆ సొరంగంలోకి శాస్త్రవేత్తలు కూడా వెళ్లరు. కాబట్టి "నేరుగా వెళ్లి చూస్తేనే చూసినట్టు" అనే వాదన ఇలాంటి చోట్ల నిలబడదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1985లో టైటానిక్ శకలాలను కనుగొన్న బృందంలో ముఖ్యుడు రాబర్ట్ బల్లార్డ్. ఆ తర్వాత ఆయనకు పిల్లల నుంచి వేల ఉత్తరాలు వచ్చాయి. అందులోంచే 1989లో జేసన్ ప్రాజెక్ట్ మొదలైంది. మధ్యధరా సముద్రం అడుగున రోబో తిరుగుతుంటే, ఆ దృశ్యాలను ఉపగ్రహం ద్వారా ఎక్కడో దూరంగా కూర్చున్న పిల్లలు లైవ్‌లో చూశారు. తర్వాత ఏం కనబడుతుందో చూపించేవాళ్లకే తెలియదు. ముందే ఎడిట్ చేసి పెట్టిన వీడియోలో ఆ ఉత్కంఠ ఎక్కడిది?

నాకు అన్నిటికన్నా నచ్చే ఉదాహరణలో అసలు వీడియోనే అక్కర్లేదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములతో స్కూలు పిల్లలు హామ్ రేడియోలో (ఔత్సాహికులు వాడే రేడియో) మాట్లాడే కార్యక్రమం ఉంది, పేరు ఏరిస్. ఆ కేంద్రం ఆకాశంలో ఒక దిక్కున పైకొచ్చి ఇంకో దిక్కున దిగిపోయేలోగా దొరికేది సుమారు 10 నిమిషాలు. అంత తక్కువ సమయం కాబట్టే పిల్లలు ముందుగానే చదువుతారు, ప్రశ్నలు రాసుకుంటారు, పనికిరానివి కొట్టేస్తారు, వరుసలో ఎవరి తర్వాత ఎవరో రిహార్సల్ చేస్తారు. నేర్చుకోవడం అంతా ఆ తయారీలోనే జరుగుతుంది. మన టూర్లలో ఈ తయారీ ఎక్కడుంది? అప్పటికప్పుడు లింక్ తెరిచి, చివర్లో "ఎనీ డౌట్స్?" అని అడిగితే పిల్లలు మాట్లాడరు. అది వాళ్ల తప్పు కాదు.

ఇక కెరీర్ల సంగతి. ఇక్కడే నాకు కోపం వస్తుంది. "ఒక సైంటిస్టు బొమ్మ గీయండి" అని పిల్లల్ని అడిగిన అధ్యయనాన్ని డేవిడ్ వేడ్ ఛాంబర్స్ 1983లో ప్రచురించాడు. 4,807 మంది గీస్తే, ఆడ సైంటిస్టును గీసింది 28 మంది, ఆ 28 మందీ ఆడపిల్లలే. తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో ఈ పరిస్థితి బాగా మెరుగైంది. అంటే పిల్లల మనసులో ఉన్న బొమ్మ మారుతుంది, మనం చూపించేదాన్ని బట్టి మారుతుంది. మరి తెల్లకోటు వేసుకున్న ఒక్క ప్రొఫెసర్‌నే ఎందుకు చూపిస్తారు? సెర్న్ సొంత ఉద్యోగుల్లో ఎక్కువమంది ఇంజినీర్లు, టెక్నీషియన్లే. పరిశోధన చేసే భౌతిక శాస్త్రవేత్తలు వాళ్లలో చాలా కొద్దిమంది. ఏ ల్యాబ్‌కైనా వ్యాక్యూమ్ పంపులు బాగుచేసేవాళ్లు, గాజు పరికరాలు ఊదేవాళ్లు, జంతువుల్ని సాకేవాళ్లు, డేటా సరిచూసేవాళ్లు, సేఫ్టీ చూసుకునేవాళ్లు కావాలి. లెక్కల్లో ఫస్ట్ రాని, కానీ చేతిపనిలో దిట్ట అయిన పిల్లకి అక్కడ తన చోటు ఉందని చెప్పేది ఎవరు? ఆ టెక్నీషియన్‌కు మైక్ ఇవ్వండి. జీతం గురించి అడిగితే ఆపకండి. "మీ పనిలో విసుగు పుట్టించేది ఏది?" అనే ప్రశ్నను టీచర్లు కూడా ఆపకండి, అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న అదే.

ల్యాబ్‌లను ఇంకొకటి అడుగుతున్నాను. ఒక్క కాల్‌తో వదిలేయకండి. అదే మనిషి కొన్ని వారాల తర్వాత మళ్లీ వచ్చి, ఆ రోజు పిల్లలు చూసిన ప్రయోగం ఏమైందో చెప్పాలి. శాంపిల్ పాడైపోతే పాడైపోయిందనే చెప్పాలి, ఎందుకు పాడైందో చూపించాలి. అంత టైం లేదంటే గంట టూర్‌ను అరగంట చేసి, మిగిలిన అరగంట ఆ రెండో కాల్‌కు దాచిపెట్టండి.