పైవాళ్ల వేడి

మా బావకి కరెంటు బిల్లు చూసినా రానంత కోపం, స్నానం నీళ్లు తూములోకి పోతుంటే వస్తుంది. "చూశావుటోయ్, 40 డిగ్రీల నీళ్లు! ఒంటిమీద నాలుగు క్షణాలు కూడా నిలవవు. వేడంతా డ్రైనేజీకి ధారపోస్తున్నాం" అంటాడు. అనడంతో ఆగితే బాగుండేది. ఓ రోజు రాగి గొట్టాల చుట్టతో దిగాడు.

సూత్రంలో తప్పేం లేదు. నిలువు గొట్టంలో వాడిన నీళ్లు మధ్యలోంచి ధారగా పడవు. లోపలి గోడను పట్టుకుని పల్చటి పొరలా జారతాయి. ఆ గొట్టం రాగిదైతే, దానిచుట్టూ సన్నటి రాగి గొట్టం చుట్టి అందులోంచి షవర్‌కి వెళ్లే చన్నీళ్లు పంపితే, వేడి మాత్రం ఇటు వస్తుంది, మురికి రాదు. మోటారు అక్కర్లేదు. పోయే వేడిలో 30 నుంచి 60 శాతం దాకా తిరిగొస్తుంది. కాకపోతే ఆ నీళ్లు పోవడం, ఈ నీళ్లు రావడం ఒకేసారి జరగాలి. తొట్టి నింపుకుని తీరిగ్గా వదిలేవాళ్లకి ఇది దండగ.

బాత్రూం మూలనున్న ప్లాస్టిక్ గొట్టం కోయించి రాగిది పెట్టించాడు. థర్మామీటర్ పట్టుకుని షవర్ కింద నిలబడ్డాడు. అర డిగ్రీ కూడా పెరగలేదు. "వేడెక్కడానికి టైం పడుతుంది" అంటూ నిలబడే ఉన్నాడు. ఈలోగా గీజర్ ఖాళీ. తలనిండా నురగతో వణుకుతుంటే, అప్పుడు వేడెక్కింది గొట్టం!

"ఏమండీ, పై ఇంటి పెద్దాయన స్నానానికి దిగినట్టున్నారు" అంది అక్క, గొట్టం మీద చెయ్యి వేసి.

ప్లంబర్‌ని పిలిస్తే తాపీగా చెప్పాడు. "మీ నీళ్లు నేల కిందికి దిగి, కింది ఇంట్లోంచి పోతాయి సార్. ఇది పైవాళ్ల లైను."

"ముందే చెప్పొచ్చుగా?"

"మీరు లెక్కలు చెబుతుంటే సందు దొరకలేదు సార్."

బావ అంత తేలిగ్గా వదిలే రకం కాదు. మర్నాడే పైకెళ్లి, "తమరు స్నానం ఎన్నింటికి చేస్తారండీ?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి ఎవరైనా కంగారుపడతారు. విషయం మొత్తం విన్నాక పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నారు.

"అంటే నా గీజర్ వేడితో మీరు స్నానం చేస్తారన్నమాట. అయితే నా కరెంటు బిల్లులో సగం మీదే."

"సగమెక్కడిదండీ! మా గొట్టం పొట్టిది, 40 శాతం దాటదు" అంటూ బావ అక్కడే బేరానికి కూర్చున్నాడు.