అంగిలి చూడకుండా పళ్లు కడిగి పంపేస్తే ఎలా?

ఉత్తరాంధ్ర పల్లెల్లో అరవై దాటిన ఆడవాళ్లను ‘సిగరెట్ తాగుతారా?’ అని అడిగితే లేదనే చెబుతారు. అది అబద్ధం కాదు. వాళ్లలో చాలామంది కాల్చేది చుట్ట, అదీ నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని. అడ్డపొగ అంటారు. ఆ వేడీ పొగా నేరుగా అంగిటికి తగులుతాయి. అంగిలి ముందు తెల్లబారుతుంది, ఎర్రటి చుక్కలు లేస్తాయి, కొందరిలో అదే క్యాన్సర్‌గా మారుతుంది. ఆ అంగిటిని వెలుతురులో చూసే అవకాశం అందరికంటే ముందు వచ్చేది పంటి డాక్టరుకే.

చూసి చెబితే వింటారా అని అనుమానించేవాళ్లకు శ్రీకాకుళం జిల్లానే సమాధానం. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో డాక్టర్ ఫాలీ మెహతా నడిపిన దంత పరిశోధన బృందం శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు వాడేవాళ్లను ఎంచుకుంది. ఏటా నోరు పరీక్షించి, మానెయ్యమని ఒక్కొక్కరికీ విడిగా చెప్పింది. మొదటి ఐదేళ్ల ఫలితాలు 1986లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చాయి. అంతకుముందు ఇలాంటి సలహా అందని వాళ్లతో పోలిస్తే మానినవాళ్లు, తగ్గించినవాళ్లు ఎక్కువ. సలహా అందినవాళ్ల నోళ్లలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు తగ్గాయి. మందులు, యంత్రాలు ఏమీ లేకుండా, మాటతో వచ్చిన ఫలితం ఇది.

మరి ఈ రోజు మా పంటి డాక్టర్ల క్లినిక్‌లో జరిగేదేమిటి? పళ్ల గార తీయించుకోవడానికి వచ్చిన ఖైనీ మనిషికి గార తీసి, బిల్లు ఇచ్చి పంపేస్తాం. 2016-17 జాతీయ పొగాకు సర్వేలో, నమిలే పొగాకు వాడుతూ ఏదో ఒక వైద్యుడి దగ్గరకు వెళ్లినవాళ్లలో మానమని సలహా అందింది మూడింట ఒక వంతు కన్నా తక్కువ మందికే. దంతవైద్య కళాశాలల్లో పొగాకు మాన్పించే కేంద్రాలు పెట్టాలన్న మార్గదర్శకాలు ఉన్నాయి. కానీ సలహాకు ఫీజు లేదు, గారకు ఉంది. నా ఉద్దేశంలో అసలు చిక్కు ఇదే. ఆరోగ్య పథకాలు ఈ సలహాకు పట్టే పది నిమిషాలకూ డబ్బు కట్టాలి.

ఇంకో సంగతి రోగులకు ఎవరూ చెప్పరు. నికోటిన్ చిగుళ్ల రక్తనాళాలను బిగదీస్తుంది. అందుకే సిగరెట్ తాగేవాళ్లకు లోపల ఎముక కరుగుతున్నా చిగురు నుంచి రక్తం అంతగా రాదు. మానిన కొత్తలో రక్తం కనిపిస్తే ‘మానాకే జబ్బొచ్చింది’ అనుకుని మళ్లీ మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ముందే హెచ్చరించాల్సింది మనమే.

కట్టుడు పళ్లు సరిచేయించుకోవడానికి వచ్చిన అమ్మను ‘చుట్ట కాలుస్తావా అమ్మా, అడ్డపొగా?’ అని ఆవిడ మాటలోనే అడగాలి. సెట్టు తీయించి, చేతికి అద్దం ఇచ్చి, ఆవిడ అంగిటిని ఆవిడకే చూపించాలి. పొగాకు మానడానికి సాయపడే 1800-11-2356 ఉచిత ఫోన్ నంబరు చీటీ మీద రాసివ్వాలి. వారం తర్వాత మళ్లీ రమ్మని, రాకపోతే ఫోన్ చెయ్యాలి.