మూడో తరగతి దాటేలోపు చదవడం రావాలి

మన దగ్గర బడి గురించి మాట మొదలైతే అది బిల్డింగుల మీదకో, ఖాతాలో పడే డబ్బుల మీదకో, ఇంగ్లీషు మీడియమా తెలుగు మీడియమా అనే గొడవ మీదకో పోతుంది. సర్కారు బళ్లని బాగుచేసే నాడు-నేడు పథకం 2019 నవంబర్ 14న మొదలైంది మన ఒంగోల్లోనే, ఆ తర్వాత చాలా బళ్లకి రంగులొచ్చాయి, బెంచీలొచ్చాయి, ఆడపిల్లలకి బాత్రూములొచ్చాయి. అప్పుడు అమ్మ ఒడి, ఇప్పుడు తల్లికి వందనం, 2025 జూన్‌లో పిల్లకి 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో పడ్డాయి. మెగా డీఎస్సీలో 16,347 టీచర్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చారు. ఇవన్నీ కావాల్సినవే, ఇందులో ఒక్కటి కూడా వద్దని మేము అనం. కానీ ఇంత ఖర్చు దేనికోసమో ఆ ప్రశ్న మాత్రం గట్టిగా అడిగేవాళ్లు లేరు. నాలుగో తరగతికి వచ్చిన పిల్ల తన తెలుగు పుస్తకంలో ఒక పేరా తడుముకోకుండా చదివి, అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పగలదా?

చెప్పలేని పిల్లలే ఎక్కువ. అసర్ అని 2005 నుంచి ఒక సర్వే జరుగుతా ఉంది, వాళ్లు బడికి కాదు, పల్లెల్లో ఇళ్లకి పోయి పిల్లల చేతికి ఒక కాగితం ఇస్తారు, దాంట్లో అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి, ఎక్కడిదాకా చదవగలిగితే అక్కడిదాకా రాసుకుంటారు. 2018లో దేశం మొత్తం మీద పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో 50.5 శాతం మంది ఆ రెండో తరగతి కథ చదివారు. కరోనా దెబ్బకి 2022లో అది 42.8కి పడింది, 2024లో మళ్లీ 48.8కి లేచింది. కోలుకున్నామని సంతోషపడొచ్చు, కానీ ఐదేళ్లు బడికి పోయిన పిల్లల్లో దాదాపు సగం మంది రెండో తరగతి కథ చదవలేకపోతున్నారనేది అప్పుడూ ఇప్పుడూ మారని విషయం. మన ఒక్క దేశం బాధే కూడా కాదు ఇది. పేద, మధ్య ఆదాయ దేశాల్లో పదేళ్ల పిల్లల్లో 70 శాతం మంది ఒక చిన్న పాఠం చదివి అర్థం చేసుకోలేని స్థితిలో ఉంటారని 2022లో ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది.

ఇది ఎట్టా జరుగుతుందో ప్రైమరీ స్కూల్ టీచర్లందరికీ తెలుసు. ఒకటో తరగతిలో అ ఆలు వస్తాయి, గుణింతాలు సగం వస్తాయి, ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి పాపకి జ్వరమో, అమ్మానాన్న మిరపకాయల కోతకి పోవడమో, లేకపోతే అదే టీచరు ఇంకో రెండు తరగతులు కూడా చూసుకోవాల్సి రావడమో, ఏదో ఒకటి అడ్డం పడుతుంది. రెండో తరగతి పుస్తకం మాత్రం ఒత్తులు వచ్చేశాయి అనుకునే మొదలవుతుంది. మూడో తరగతిలో పుస్తకం ఇంకా ముందుకి పోతుంది, పిల్ల ఉన్నచోటే ఉంటుంది. ఆరుకి వచ్చేసరికి సైన్సు, సోషలు, ఇంగ్లీషు అన్నీ మీద పడతాయి, అప్పుడిక బోర్డు మీదున్నది చూసి నోట్సులోకి దించుకోవడమే చదువు. ఆ పిల్లే పదో తరగతికి వస్తే వెనకబడినోళ్ల లిస్టులో వేసి, స్పెషల్ క్లాసులు పెట్టి, వచ్చే ప్రశ్నలు ఇవీ అని బట్టీ పట్టిస్తారు. టీచర్లు సాయంత్రం చీకటి పడేదాకా ఉండి కష్టపడతారు, ఆ కష్టాన్ని మేము గౌరవిస్తాం. కానీ ఆ కష్టం ఎనిమిది తొమ్మిదేళ్ల కిందట, ఒత్తుల దగ్గర పడాల్సింది.

ప్రైవేటు బడిలో వేస్తే సరిపోతుంది కదా అనేది చాలామంది తల్లిదండ్రుల నమ్మకం, కూలికి పోయేవాళ్లు కూడా వ్యాను ఫీజు కట్టి పంపిస్తున్నారు. కార్పొరేట్ చదువులకి పేరున్న నెల్లూరులో ఆ నమ్మకం ఇంకా గట్టిది. దీని మీద మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పెద్ద పరిశోధన జరిగింది. 2008లో 180 ఊళ్లు తీసుకుని, సర్కారు బడి పిల్లల్లో లాటరీ వేసి, తగిలినోళ్లకి ప్రైవేటు బడి ఫీజు కట్టి నాలుగేళ్లు గమనించారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు 2015లో ఆ ఫలితాలు అచ్చు వేశారు. లాటరీ తగిలిన పిల్లలకీ తగలని పిల్లలకీ తెలుగులో, లెక్కల్లో తేడా రాలేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకి పోయినోళ్లు బాగా ముందున్నారు. ఇంకోటి కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు, ఆ ప్రైవేటు బళ్లు ఒక్కో పిల్ల మీద సర్కారు పెట్టే ఖర్చులో మూడో వంతుతోనే ఆ పని చేశాయి. అంటే అక్కడ తప్పు, ఇక్కడ ఒప్పు అని కాదు, బడి మార్చినంత మాత్రాన చదవడం రాదు అని. ఫీజు కట్టే తల్లిదండ్రులు కూడా ఇంటికొచ్చిన పిల్ల చేత పుస్తకంలో ఒక పేజీ చదివించుకుని చూడాలి, టై, బెల్టు, డైరీలో స్టార్లు చూసి ఊరుకోకూడదు.

మరి ఏం చేస్తే వస్తుంది? ఇది తెలియని విద్య కాదు. ప్రథమ్ అనే సంస్థ చాలా ఏళ్లుగా ఒక పద్ధతి నడుపుతోంది, రోజుకి గంటో రెండు గంటలో మూడు నుంచి ఐదు దాకా ఉన్న పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా వచ్చినదాన్ని బట్టి కూర్చోబెట్టడం, అక్షరాలు రానోళ్లు ఒక గుంపు, మాటల దగ్గర ఆగినోళ్లు ఒక గుంపు, పేరా చదివేవాళ్లు ఒక గుంపు, ఎవరికి కావాల్సింది వాళ్లకి చెప్పడం. పైకి రాగానే పై గుంపులోకి మార్చడం. అంతే. దీన్ని పరీక్షించి చూసినవాళ్లలో ఉన్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలకి 2019లో, మైఖేల్ క్రెమెర్‌తో కలిపి, ఎకనామిక్స్‌లో నోబెల్ వచ్చింది. బ్రెజిల్‌లో సొబ్రాల్ అనే ఊరుంది, అదీ కరువు ప్రాంతమే, మన కనిగిరి, దర్శి వైపు వానలు ఎట్టా మొహం చాటేస్తాయో ఆడ కూడా అంతే. ఆ ఊరోళ్లు 2000 తర్వాత ఒకటే పట్టు పట్టారు, చిన్న తరగతుల్లోనే ప్రతి పిల్లకీ చదవడం రావాలని. పిల్లల్ని ఒక్కొక్కళ్లనీ చదివించి చూశారు, హెడ్‌మాస్టర్లని రాజకీయ సిఫార్సు మీద కాకుండా పనితనం చూసి పెట్టారు, టీచర్లకి రేపు క్లాసులో ఏం చెప్పాలో ఆ ట్రైనింగే ఇచ్చారు. 2017కి ఆ దేశపు ప్రాథమిక విద్య సూచీలో సొబ్రాల్ మొదటి స్థానంలో ఉంది.

అంత దూరం కూడా పోవక్కర్లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు పగలంతా కూలి చేసొచ్చిన ఆడవాళ్లు రాత్రి బడికి పోయి పలక పట్టారు. వాళ్లకిచ్చిన పుస్తకంలో సారా వల్ల గుల్లయిన సంసారం కథ ఉంది, అది వాళ్ల ఇంటి కథే. దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు కలిసి సారా అంగడికి అడ్డం నిలబడ్డారు, 1992కి అది జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయింది. ఆ రాత్రి బళ్లకి భవనాల్లేవు, కానీ చదువు చెప్పేవాళ్లు పెద్దవాళ్లని వాళ్లున్న చోటు నుంచే మొదలుపెట్టించారు, వాళ్లకి పట్టింపు ఉన్న విషయమే చదివించారు, కలెక్టరు నుంచి ఊరి వాలంటీరు దాకా అందరూ దాన్నే పనిగా పెట్టుకున్నారు. దేశమంతా మాట్లాడుకునేలా ఆ పని చేసి చూపించిన జిల్లాలో, రోజూ బడికొచ్చి కూర్చునే ఎనిమిదేళ్ల పిల్లకి చదవడం నేర్పలేం అంటే మేము ఒప్పుకోం.

ముందు టీచరు టైము టీచరుకి ఇవ్వాలి. విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, దాంట్లో 27వ సెక్షన్ జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు పనులు తప్ప చదువుకి సంబంధం లేని పనులు టీచర్లకి చెప్పొద్దని స్పష్టంగా అంటోంది. ఫొటోలు తియ్యడం, అప్‌లోడ్ చెయ్యడం, నెట్ రాక మళ్లీ చెయ్యడం, ఇవన్నీ ఆ గుంపుల్లో కూర్చుని ఒత్తులు చెప్పాల్సిన గంటని తినేస్తున్నాయి. యాప్‌లన్నీ కలిపి లీప్ అని ఒకటి చేశారు, మంచిదే, ఇప్పుడు ఆ ఒక్కదాంట్లో ఎన్ని ఎంట్రీలు అవసరమో కూడా చూసి తగ్గించాలి. మేము కింద అడిగే, పిల్లల చేత చదివించి చూసే పరీక్ష కూడా ఇంకో యాప్ అయిపోకూడదు, ఒక కాగితం, ఒక పెన్ను చాలు.

టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చే డైట్ కాలేజీలు పల్లెపాడు, మైనంపాడుల్లో ఉన్నాయి. ట్రైనింగ్ అంటే ప్రొజెక్టర్ పెట్టి స్లైడ్లు చూపించడం కాకుండా, డైట్ లెక్చరర్లు మండలానికి వచ్చి, ఒక మామూలు బడిలో, మామూలు పిల్లలకి, టీచర్ల ముందే ఆ గంట పాఠం చెప్పి చూపించాలి. కొత్తగా డీఎస్సీలో వచ్చిన టీచర్లకి ఇది ఇంకా అవసరం, బీఈడీ, డీఈడీ చదివి పోటీ పరీక్ష రాసి వచ్చారు, మూడు తరగతుల్ని ఒకే గదిలో సర్దుకోవడం ఎవరూ నేర్పి ఉండరు.

పశ్చిమాన మార్కాపురం, యర్రగొండపాలెం వైపు నుంచి పనులకి వలస పోయే కుటుంబాల పిల్లల విషయం వేరుగా చూడాలి. ఒకప్పుడు పిల్లలకి పలకలు పంపిన ఊరు మార్కాపురం, ఆ చుట్టుపక్కల పిల్లలే నెలల తరబడి బడి లేకుండా మిరప చేల గట్ల మీద కూర్చుంటే ఎట్టా? సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద, అమ్మానాన్న వలస పోయిన నెలల్లో పిల్లలు ఉండటానికి సీజనల్ హాస్టళ్లు పెట్టే వీలుంది. అవి కుటుంబాలు బయల్దేరకముందే తెరవాలి, వాళ్లు పోయాక మంజూరు కాగితం వస్తే ఏం లాభం.

ఇక తల్లిదండ్రులు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు వాళ్లే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి అని చట్టం చెప్తోంది. 2024 డిసెంబర్ 7న మొదటి మెగా పేరెంట్ టీచర్ మీట్ జరిగింది, ఆ తర్వాత కూడా జరిగాయి, ఆటలు, ముగ్గులు, భోజనాలు బాగానే ఉన్నాయి. వచ్చేసారి ఒక అరగంట దీనికి ఇవ్వండి, మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలు ఒక్కొక్కళ్లూ అమ్మ పక్కన కూర్చుని, ముందు చూడని ఒక పేరా చదవాలి. అందరి ముందూ నిలబెట్టి కాదు, సిగ్గుపడే పిల్లలు ఉంటారు. అమ్మకి చదువు రాకపోయినా పిల్ల గడగడా చదువుతోందా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటోందా అనేది చెవికి తెలిసిపోతుంది. ఆ రోజు సాయంత్రం కమిటీ కూర్చుని, మన బడిలో ఎంతమంది ఏ మెట్టు మీద ఉన్నారో ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి అంటించాలి, పిల్లల పేర్లు వద్దు, లెక్క చాలు, మూడు నెలలకి మళ్లీ చదివించి ఆ పక్కనే కొత్త లెక్క రాయాలి. ఆ లెక్క తక్కువ వచ్చిందని ఏ టీచరు మీదా చర్య తీసుకోబోమని జిల్లా విద్యాధికారులు (డీఈవోలు) ముందే రాసి ఇవ్వాలి, లేకపోతే నిజం లెక్క రాదు. నెల్లూరు, ప్రకాశం వైపు ఏ ఊరి కమిటీ ఆ కాగితం మాకు పంపినా, సర్కారు బడి అయినా ప్రైవేటు బడి అయినా, మా పత్రిక జిల్లా పేజీలో వేస్తాం, మూడు నెలల తర్వాత వచ్చిన లెక్క కూడా అదే చోట వేస్తాం.