కరెంటు సిమ్ కార్డు కాదు బాబాయ్

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ వారం అదే మెసేజ్ మూడోసారి వచ్చింది. ఈసారి పంపింది మా బాబాయే కాబట్టి ఊరుకోలేక రాస్తున్నా. అందులో ఉన్నది ఇది: కరెంటు పంపిణీ ప్రైవేటుకి ఇచ్చేస్తే సిమ్ మార్చినట్టు కంపెనీ మార్చుకోవచ్చు, పోటీ వల్ల బిల్లు తగ్గుతుంది, నష్టాల డిస్కంలకు, అంటే కరెంటు పంపిణీ చేసే ప్రభుత్వ కంపెనీలకు, మన పన్నులు పోయడం ఆగుతుంది, నమ్మకం లేకపోతే ఢిల్లీ చూడండి, కరెంటు పోతే ఫోన్ చేసిన పది నిమిషాల్లో మనిషి వస్తాడు. కింద మూడు దణ్ణాలు, ఒక జెండా.

సిమ్ సంగతి చూద్దాం. ఫోను కంపెనీ ఇంకో టవర్ కట్టుకుంటుంది. కరెంటుకి మీ ఇంటి ముందు స్తంభం ఒకటే, తీగ ఒకటే, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. నాలుగు కంపెనీలు వచ్చినా నాలుగు స్తంభాలు పాతరు, బిల్లు మీద పేరు మారుతుంది అంతే. మీ అబ్బాయి డాలస్ పక్కన ఇర్వింగ్‌లోనే ఉన్నాడు కదా, వాణ్ణి అడగండి. టెక్సాస్‌లో చాలా ఊళ్ళలో నిజంగానే సిమ్ లాగే కంపెనీని ఎంచుకుంటారు, కానీ వాడి ఇంటికొచ్చే తీగ ఎవరిని ఎంచుకున్నా ఆన్‌కోర్ అనే తీగల కంపెనీదే. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చినప్పుడు అక్కడ హోల్‌సేల్ రేటు, అంటే కంపెనీలు కరెంటు కొనే రేటు, యూనిట్‌కి 9 డాలర్లకు చేరి రోజుల తరబడి అక్కడే కూర్చుంది. గ్రిడ్డీ అనే కంపెనీ కస్టమర్లకు హోల్‌సేల్ రేటే నేరుగా పడేది, వాళ్ళలో కొందరికి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి, మరుసటి నెలకల్లా ఆ కంపెనీ దివాళా. ఆ తుఫానులో చనిపోయినవాళ్ళు అధికారిక లెక్క ప్రకారమే 246 మంది. చలికి తట్టుకునేలా ప్లాంట్లు సిద్ధం చేసుకోండని 2011లోనే అధికారులు చెప్పారు. ఆ ఖర్చు తప్పనిసరి చేసినవాళ్ళు లేరు, చేయకపోతే పోటీలో పోయేదీ ఏమీ లేదు.

అయినా ఫోన్లనే ఉదాహరణ తీసుకున్నారు కాబట్టి అడుగుతున్నా, ఒకప్పుడు పదికి పైగా ఉన్న కంపెనీల్లో ఇప్పుడు ఎన్ని మిగిలాయి? 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలన్నీ రోజుల తేడాలో రేట్లు పెంచితే మీరు ఏ సిమ్‌కి మారారు?

ఇక పోటీ వల్ల బిల్లు తగ్గడం. డిస్కం పెట్టే ప్రతి వంద రూపాయల్లో డెబ్బైకి పైగా కరెంటు కొనడానికే పోతుంది, ఆ కొనుగోలు ఒప్పందాలు ఎప్పుడో పాతికేళ్ళకు రాసేసినవి. పంపిణీ కంపెనీ మారితే ఆ ఖర్చు ఎక్కడికి పోతుంది? ముంబై శివార్లలో టాటా, అదానీల మధ్య మారే వీలు ఏళ్ళ తరబడి ఉంది, అక్కడ కరెంటు చవక అని మీకెవరైనా చెప్పారా? పోటీ పడేది ఎవరి కోసమో కూడా చూడాలి. ఎక్కువ రేటు కట్టే మాల్సూ ఫ్యాక్టరీల కోసం నేనంటే నేనని వస్తారు. వాళ్ళు కట్టే ఎక్కువ రేటులోంచే కదా రెండు బల్బులు, ఒక ఫ్యానూ ఉన్న ఇంటికి తక్కువ రేటు సర్దుతున్నది. పెద్దవాళ్ళను ప్రైవేటు ఎగరేసుకుపోతే, ఊరి చివర బోరు మోటార్లతో డిస్కం ఒక్కటే మిగులుతుంది. అప్పుడు దాని నష్టాల మీద ఇంకో మెసేజ్ తయారవుతుంది. 2022 ఆగస్టులో పార్లమెంటులో పెట్టిన విద్యుత్ సవరణ బిల్లు ఇదే, ఒకే తీగ మీద చాలా కంపెనీలు. ఉద్యోగులు, రైతు సంఘాలు గొడవ చేశాక అది పరిశీలనకని పార్లమెంటు స్టాండింగ్ కమిటీకి వెళ్ళింది.

నష్టాలు నిజమే. నేను కాదనను. కానీ ఉచిత కరెంటు అని సంతకం పెట్టే ప్రభుత్వం ఆ డబ్బు డిస్కంకి సమయానికి ఇవ్వదు, పంచాయతీలూ మున్సిపాలిటీలూ బిల్లులు బకాయి పెడతాయి, ఆ గుంట పూడ్చకుండా యజమానిని మారిస్తే ఏం మారుతుంది? నష్టాల్లో ఉన్నవే అమ్ముతారనుకోకండి. లాభాల్లో నడుస్తున్న చండీగఢ్ కరెంటు శాఖను, ఉద్యోగులు ఆందోళన చేస్తున్నా, 2025 ఫిబ్రవరిలో ప్రైవేటుకి అప్పజెప్పారు. దానికి ఏ కారణం చెబుతారో మీ మెసేజ్‌లో లేదు.

ఢిల్లీ. ఇక్కడ మెసేజ్ రాసినవాడికి సగం మార్కులు ఇవ్వాలి. 2002లో ప్రైవేటుకి ఇచ్చేటప్పటికి అక్కడ సగం కరెంటుకు డబ్బులు వచ్చేవి కావు, ఇప్పుడు ఆ నష్టం పది శాతం లోపే. మంచి పనే చేశారు. చెప్పని సగం ఏమిటంటే, రావలసిన ఖర్చును అప్పటికప్పుడు బిల్లులో వేయకుండా పక్కన రాసిపెట్టుకుంటూ పోతే అది 27 వేల కోట్లు దాటింది. గడువు పెట్టి తేల్చేయమని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది, అంటే జనం మీద పడేదే. పాత ఖర్చుల తేడా తర్వాత బిల్లులో వేసే మన ట్రూఅప్ చార్జీలకే మీరు ఎంత తిట్టుకున్నారో నాకు గుర్తుంది. పైగా ఢిల్లీ అంతా ఇల్లూ ఇల్లూ ఆనుకున్న నగరం. ఒక్క మోటారు కోసం మూడు కిలోమీటర్లు తీగ లాగాల్సిన మన్యం కాదు.

పక్కనున్న ఒడిశా పేరు మాత్రం ఈ మెసేజ్‌లలో ఎప్పుడూ రాదు. దేశంలో అందరికంటే ముందు, 1999లో, రాష్ట్రమంతా పంపిణీ ప్రైవేటుకి ఇచ్చింది వాళ్ళే. ఆ అక్టోబరులోనే సూపర్ సైక్లోన్ లైన్లన్నీ నేలకూల్చింది. మధ్య ఒడిశా తీసుకున్న అమెరికా కంపెనీ ఏఈఎస్, బకాయిలూ రేట్ల తగాదాలతో 2001కల్లా వదిలేసి వెళ్ళిపోయింది. మిగతా మూడు జోన్లు తీసుకున్న కంపెనీ లైసెన్సులను నష్టాలు తగ్గించలేదని 2015లో అక్కడి విద్యుత్ నియంత్రణ కమిషనే రద్దు చేసింది. ఇప్పుడవన్నీ టాటా చేతిలో ఉన్నాయి, అదే ప్రయోగం రెండోసారి.

పది నిమిషాల్లో మనిషి సంగతికొస్తే, ప్రభుత్వ సర్వీసు బంగారం అని నేను అనడం లేదు. మా పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే రైతులమే తలా కొంత వేసుకుని ట్రాక్టర్‌లో రిపేరుకి మోసుకెళ్ళాం, తిరిగి బిగించేటప్పుడు చేయి కూడా తడిపాం. దాని మీద ఫిర్యాదు చేసి కొట్లాడాం కూడా, కొట్లాడితే వినే పై ఆఫీసు ఒకటి ఉంది కాబట్టి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను మా అత్తగారి ఊళ్ళో ఉన్నా, శ్రీకాకుళం ఉద్దానంలో. కొబ్బరి చెట్లు లైన్ల మీద పడుకున్నాయి, క్రేన్ రావడానికి దారి లేదు. వేరే జిల్లాల నుంచి దింపిన లైన్‌మన్‌లు బడిలో పడుకుని, పొద్దున్నే మోకాలి లోతు బురదలో సిమెంటు స్తంభానికి తాడు కట్టి పదిమంది లాగేవాళ్ళు. ఒకాయన మా బావమరిదితో "ఏమప్పా, తాడు ఇట్ల పట్టుకో" అంటుంటే అనంతపురం మాట అనుకున్నాం. ఆ వీధి మొత్తం నెల బిల్లు కలిపినా వాళ్ళు పాతిన ఒక్క స్తంభం ఖరీదు వచ్చి ఉండదు. వెళ్ళేటప్పుడు మా అత్తయ్య, తోట మొత్తం పోయినా, ఇంట్లో మిగిలిన జీడిపప్పు పొట్లం కట్టి ఇచ్చింది వాళ్ళకి.