బ్రిటిష్ మ్యూజియం స్తంభాల వారికి

మహారాజశ్రీ స్తంభాల వారి సముఖమునకు గుంటూరు జిల్లా వాస్తవ్యుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నిన్న మధ్యాహ్నం మా బాబాయిని తీసుకొచ్చింది లోపలున్న మా అమరావతి బౌద్ధ స్తూపం శిల్పాలు చూపిద్దామని. మీరు పోనిస్తేగా! తలా 45 అడుగుల ఎత్తు, మొత్తం 44 మంది. "ఏం కట్టార్రా అబ్బాయ్!" అని బాబాయి ఫోన్ తీశాడు. నిలువుగా, అడ్డంగా, కూర్చుని, నించుని. ఆపైన పిన్నికి వీడియో కాల్. "ఏమండీ, ఏ దేవుడి గుడి అది?" అందావిడ. ఈ గుళ్లో ఉన్న దేవుళ్లంతా పొరుగూరి వాళ్లే పిన్నీ. ఈలోగా ఐదు కొట్టింది, మూసే వేళయింది.

పోనీ మీరైనా స్థానికులా? 1823లో రాబర్ట్ స్మర్క్ వేసిన నక్షా మీది. పొట్టేలు కొమ్ముల్లా మెలితిరిగిన ఆ తలకట్టుతో సహా, ఇప్పటి టర్కీలో ఉన్న ప్రియేనే అనే పాత గ్రీకు ఊరి ఎథీనా దేవత గుడి నుంచి తెచ్చుకున్న అరువు సొగసు. వెనక గోడలకు పైన పోర్ట్‌లాండ్ రాయి, లోపల ఇటుక. నెత్తిమీద ముక్కోణంలో వెస్ట్‌మకాట్ చెక్కిన 'నాగరికతా వికాసం' ఒకటి! అది పెట్టుకున్న కొన్నేళ్లకే, 1859లో, మా రాళ్లు మద్రాసులో ఓడెక్కాయి. లండన్‌లో గుర్రపుబళ్ల కొట్టంలో పడి ఉండి, 1880లో మీ గడప తొక్కాయి. (మావాళ్లు కొన్నిటిని సున్నం కాల్చుకున్న మాట నిజమే. అది మా ఇంటి గొడవ, మీకెందుకు?)

లోపల 33వ గది చివర, అద్దాల వెనక ఓ పలక ఉంది. దాని మీద చెక్కింది స్తూపాన్నే. గుమ్మం దగ్గర సింహాలు, పైన వరసగా ఐదు ఆయక స్తంభాలు. అవి ఏ కప్పూ మోయవు. బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకు ఐదు, అంతే. చెప్పదలుచుకున్నది ఐదింటితో చెప్పేశారు మావాళ్లు. మీకు 44 దేనికండీ? వాన పడకుండా వరండా కాయడానికా? అమరావతికి కూతవేటు దూరంలో పుట్టిన పెద్దమనిషి ఇంత దూరం వచ్చి, వేలెడంత ఆ స్తంభాల్ని చూడకుండా మీ బోడి ఫొటోలు పట్టుకుని వెనక్కి పోయాడు. సిగ్గుండాలి!

మళ్లీ వస్తే మాంటేగ్ ప్లేస్ వైపు వెనక గుమ్మంలోంచి తెస్తాను. ఆ గది అటునుంచే దగ్గర. 1914లో తెరిచిన ఆ కట్టడం ముందు కూడా మీ తమ్ముళ్లు కాపు కాస్తున్నారని తెలుసు. అందుకే బాబాయి ఫోన్ ముందే లాక్కుని నా జేబులో పెట్టుకుంటాను.